శివమ్మ వద్దన్న సూది

షామీర్‌పేట చెరువులో చేపలు పట్టే కుర్మయ్యకు దగ్గు పట్టుకుని వదల్లేదు. దగ్గులో నెత్తురు కనిపించాక మేడ్చల్ ఆసుపత్రిలో స్కాన్ తీయించారు. ఊపిరితిత్తిలో గడ్డ ఉంది, క్యాన్సర్‌లాగే ఉంది, సూదితో చిన్న ముక్క తీసి చూస్తే గానీ చెప్పలేమన్నారు. ఆ మాట విన్నది భార్య శివమ్మ ఒక్కతే. కుర్మయ్య బయట బెంచీ మీద దగ్గుతూ కూర్చున్నాడు.

శివమ్మ సూది వద్దంది. బావ ఎంకయ్య మెడ మీది గడ్డకు అలాగే గుచ్చారు, నెల తిరక్కుండానే పోయాడు. గడ్డను కదిలిస్తే ఒళ్లంతా పాకుతుందని వాళ్ల వాడలో చిన్నపిల్లలు కూడా చెబుతారు. రోగం ముదిరేదాకా ఇంట్లో ఉంచుకున్నవాళ్లను ఎవరూ ఏమీ అనరు, సూదినే అంటారు!

మొగుడితో మాత్రం, "ఏం లేదు, నిమ్ము జేరిందంట" అంది.

ఇక నాలుగు నెలలు. పగలు రోడ్డు పక్కన చేపలు కోసి అమ్మడం, ఇంటికొచ్చి అతణ్ణి లేపి కడగడం. తను నిజం చెప్పుకున్న ఒకే ఒక్క మనిషి, ఆడబిడ్డ బాలమణి, సూరారం నుంచి వచ్చి గడపలోనే ఏడుపు అందుకుంటే, వంటింట్లోకి లాక్కెళ్లి నోరు మూయించింది. అబద్ధం మోసి మోసి శివమ్మ ఒళ్లు హూనమైంది. ఈ మనిషి తొందరగా పోతే బాగుండునని కూడా ఒకసారి అనిపించింది. అలా అనిపించినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

ఒకరోజు పక్కటెముకల దగ్గర వాపు పగిలి చీము కారింది. అందులో రవ్వంత పసుపుపచ్చ పలుకులు. కట్టు కట్టించడానికి అదే ఆసుపత్రికి తీసుకెళ్తే, డాక్టర్ మాధవీలత వాటిని పరీక్షకు పంపింది. వారం తర్వాత శివమ్మను లోపలికి పిలిచింది.

"క్యాన్సర్ కాదమ్మా. నోట్లో ఉండే బ్యాక్టీరియానే, పుచ్చిన పళ్ల నుంచి ఊపిరితిత్తిలోకి దిగింది. చాలా అరుదు. నెలల తరబడి పెన్సిలిన్ వాడితే తగ్గుతుంది."

"అప్పుడే సూది గుచ్చనిస్తే?"

"అప్పుడే తెలిసేది."

శివమ్మ బయటికొచ్చింది. కుర్మయ్య పక్కన కూలబడి అతని చెయ్యి పట్టుకుంది. "నీకు క్యాన్సర్ లేదంట. బతుకుతవ్."

కుర్మయ్య ఆమె ముఖంలోకి చూశాడు. "నాలుగు నెలల సంది ఏం లేదనే అంటున్నవ్. నేను పోతనని నీ మొకం జూసే ఎరుకైంది. ఇయ్యాల గూడ గదే మొకం. ఎందుకే గీ తిప్పలు, ఇంటికి తీస్కపో."

ఒట్టేసింది, నమ్మలేదు. కాగితం చూపింది, చదువు రానివాడికి అదేం చెబుతుంది? ఆమె దగ్గర ఇక ఒక్క మాటే మిగిలింది.

"ముందుగాలనే సూది గుచ్చి జూస్తమన్నరు. నేనే వద్దన్న. నీకు గింత గోస తప్పుతుండె. గందుకే నా మొకం గిట్లుంది."

కుర్మయ్య మళ్లీ ఆమె ముఖంలోకి చూశాడు. ఈసారి నమ్మాడు. నమ్మి, ఆమె చేతిలోంచి తన చెయ్యి మెల్లగా విడిపించుకున్నాడు.