పోలారావు మావ సంఘం

పోలారావును సొంత ఊరు తాడు పట్టనివ్వలేదు. వజ్రపుకొత్తూరు తీరంలో చిన్న మత్స్యకార పల్లె అది. పెద్దవలను ఒడ్డుకు లాగేటప్పుడు ఊరంతా తాడు పడుతుంది. పట్టిన ప్రతివాడికీ చేపల్లో వాటా. 1997లో ఊరి కూటంలో "కుర్రోళ్లని కూడా మాటాడనివ్వండి" అన్నందుకు పెద్దలు ఆయనను వెలివేశారు. మర్నాడు తాడు దగ్గరికి వెళ్తే ఎవరూ జరిగి చోటివ్వలేదు. సొంత తమ్ముడు నూకయ్య కూడా తల దించుకుని లాగుతూనే ఉన్నాడు. ఆ సాయంత్రమే పోలారావు భార్య ఎర్రమ్మను తీసుకుని పూండిలో రైలెక్కి పలాస వచ్చేశాడు.

మా వీధి పట్టాలకు అవతల ఉంది. జీడిపిక్కలు కాల్చే పొగ వాసన ఇప్పుడు ఎక్కడ తగిలినా నాకు మళ్లీ ఇరవయ్యేళ్లు వచ్చేస్తాయి. పోలారావు జీడి ఫ్యాక్టరీలో బస్తాలు మోసేవాడు. డిగ్రీ తప్పినవాళ్లం, అసలు బడి మొహమే చూడనివాళ్లం కలిసి కల్వర్టు గట్టు మీద కూర్చుని లోకాన్ని తిట్టుకుంటూ ఉండేవాళ్లం. ఒకరోజు ఆయన మా ముందు ఆగాడు.

"ఏటర్రా కుర్రోళ్లూ, గట్టుకి కాపలా కాత్తన్నారేటి?"

"ఇది పోతే మాం ఎక్కడ కూకుంటాం మావా?" అన్నాడు జానకిరామ్. మాలో వాడే మాటకారి.

"మరి దీని కింద కాలవ కంపు కొడతందేటి? మీ కాపలా పైకేనా?"

నవ్వేసి ఊరుకున్నాం. ఆదివారం ఆయన ఒక్కడే పార పట్టుకుని ఆ కాలువలో దిగాడు. తమాషా చూద్దామని వెళ్లిన మేం మధ్యాహ్నానికి మోకాళ్ల దాకా బురదలో ఉన్నాం. సంఘం అలా పుట్టింది.

సంఘానికి ఆయన పెట్టిన నియమం ఒక్కటే. ఒక్కో పనికి ఒక్కో నాయకుడు ఉండాలి. పని ముగిశాక ఆ నాయకుడే తర్వాతి పనిలో అందరికన్నా మురికి భాగం చేయాలి.

"వల లాగినోడు ఎనక్కి ఎనక్కి నడుత్తాడు. గట్టు దాకా ఎల్లినాక తాడొదిలేసి మళ్లీ నీళ్లలోకి పోవాల. బరువంతా అక్కడే ఉంటాది. పొడి ఇసకలో ఎవడూ నిలబడిపోకూడదు" అనేవాడు.

తొంభై తొమ్మిది తుఫానుకు ఎగిరిపోయిన రేకులన్నీ వేయించిన కిరణ్ కుమార్, ఆ వెంటనే మరుగుదొడ్ల గుంటలు తవ్వాడు. జీడిపిక్కలు కొట్టి వేళ్లు నల్లబడిన మోహిని పిల్లల సాయంత్రం బడి నడిపింది. వీధి పనుల మీద వెళ్లిన ఆఫీసుల్లో ఏం మాట్లాడాలో పోలారావు మాకు చెప్పేవాడు కాదు. "ఎల్లి రండి" అని తాను వరండాలో కూర్చునేవాడు. తిరిగొచ్చాక మాత్రం "ఆడేటన్నాడు? నువ్వేటన్నావు?" అని మాట మాటా అడిగేవాడు. మా మాట అంత శ్రద్ధగా విన్న పెద్దమనిషి అంతకు ముందు గానీ ఆ తర్వాత గానీ నాకు ఎదురుపడలేదు.

2004లో మా వీధికి కుళాయి తెప్పించే పని జానకిరామ్ నడిపించాడు. బోరు నీళ్లు ఉప్పగా ఉండేవి. వాడు ఎండలో తిరిగి తిరిగి గొట్టం వేయించాడు. నీళ్లొచ్చిన రోజు వాణ్ని భుజాల మీద ఊరేగించాం. తర్వాతి పని శ్మశానం దారిలో ముళ్లకంప కొట్టడం. ఈలోగా ఒక పార్టీ నాయకుడు సంఘానికి గది, క్యారమ్ బోర్డు ఇస్తానన్నాడు. బదులుగా జానకిరామ్ ఎప్పటికీ అధ్యక్షుడిగా ఉండాలన్నాడు. వాడు సరేనన్నాడు. కంప కొట్టడానికి రాలేదు. దాంతో కూటం పెట్టాం.

"ఒకడే కూకుండిపోతే మా ఊరి కూటానికీ దీనికీ తేడా ఏటి?" అన్నాడు పోలారావు.

"మీ ఊరోళ్లు గెంటీసిన మనిషివి, నువ్వా మాకు సెప్పేది?" అన్నాడు జానకిరామ్.

చేతులెత్తమంటే ఎక్కువ చేతులు గది వైపే లేచాయి. "మీరు తేల్చీసినారు, అయిపోనాది" అని పోలారావు లేచాడు. మర్నాడు కత్తి పట్టుకుని కంప కొట్టడానికి వెళ్లాడు. వెంట వెళ్లింది కొద్దిమందిమే. మోహిని ముందు నడిచింది.

నాకు ఒళ్లు మండిపోయింది. "నువ్వు గట్టిగా ఒక్క మాటంటే అందరూ ఆగిపోయేవోళ్లు మావా!"

"ఆగితే నాకు బయపడి ఆగినట్టు. రేపు నాను లేకపోతే?" అని మళ్లీ వంగి కంప నరికాడు.

ఎన్నికలయ్యాక ఆ గదికి తాళం పడింది. జానకిరామ్ కండువాలు మారుస్తూ పోయాడు. గది వైపు పోయినవాళ్లలో కొందరు ఒక్కొక్కరే తిరిగొచ్చారు. ఎందుకు పోయారని మోహిని అడగలేదు, చేతికి చీపురిచ్చింది.

2008 వేసవిలో పలాస స్టేషన్లో పోలారావు కనిపించాడు. కాళ్లు వాచి ఉన్నాయి. కిడ్నీలకని విశాఖ ఆసుపత్రికి వెళ్తున్నాడు. ఎర్రమ్మ సంచి ఒళ్లో పెట్టుకుని పక్కనే కూర్చుంది. ఎలా ఉన్నావని అడగాల్సింది పోయి నా గోడు వెళ్లబోసుకున్నాను. మోహిని నాకన్నా చిన్నది, నీళ్ల ట్యాంకు కడగడానికి ఆలస్యంగా వచ్చానని వీధి వీధంతా చూస్తుండగా నన్ను కడిగేసింది, నువ్వు ఆమెకొక్క మాట చెప్పు అన్నాను.

"నిన్ను తిట్టేముందు నన్నడిగిందేటి?"

"లేదు."

"నా పేరెత్తిందేటి?"

"అసలెత్తలేదు."

దగ్గొచ్చేదాకా నవ్వాడు. "సాల్లే, ఆయాసం వత్తాది" అని ఎర్రమ్మ కసిరింది. ఇంతలో రైలొచ్చింది. ఎక్కించాక కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడ్డాను.

"మరి నన్నెందుకడుగుతావురా?" అన్నాడు. "బేగి పనికెల్లు. మళ్లీ ఆలీసమైతే తిడతాది."