ఎడారి రోడ్డు శుభ్రం చేసిన ఏడాది

అనకాపల్లి నుంచి వచ్చే ఆటోవాళ్లు మా ఊరి దారిని ఎడారి రోడ్డు అనేవారు. సముద్రానికి పోయే ఆఖరి మైలంతా రెండు పక్కలా ఇసుక దిబ్బలే. వాటి మీద పాకే ఊదాపూల తీగ, రావణాసురుడి మీసాలనే ముళ్ల గడ్డి, అక్కడక్కడా తాటిచెట్లు, అంతే. ఆ రోడ్డు పక్క దిబ్బ మీదే మా చర్చి సంఘం వాళ్ల సమాధులు. అమ్మ అక్కడే ఉంది. చుట్టూ ఇటుకల వరుస, తల దగ్గర నాన్న చెక్కిన కర్ర సిలువ.

ఈస్టర్‌కి ముందు సమాధులు శుభ్రం చేసి, సున్నం వేసి, పండగనాడు తెల్లవారుతుండగా కొవ్వొత్తులు వెలిగించడం మా ఆనవాయితీ. శుభ్రమంటే ఎవరి ఇటుకలు వాళ్లు తుడుచుకోవడమే. తీగని ఎవరూ ముట్టుకునేవారు కాదు. ఎందుకని నేనెప్పుడూ అడగలేదు.

రెండువేల మూడో నాలుగో అయ్యుంటుంది. అనకాపల్లిలో ప్రైవేటు బడిలో పాఠాలు చెబుతూ, నాలుగు ముక్కలు వచ్చినందుకే కళ్లు నెత్తికెక్కి ఉన్న రోజులు. ఆ పండక్కి పట్నం నుంచి పెద్దలు వస్తున్నారని సంఘంలో ఒకటే హడావుడి. "ఈ ముళ్లేటి, ఈ పిచ్చి తీగేటి, మనం నిజంగా ఎడారిలో ఉన్నామా?" అని లేచింది నేనే. రోడ్డు పక్కలా, సమాధుల మీదా అంతా పీకేసి, అంచులకి రాళ్లు పేర్చి సున్నం వేద్దామన్నాను. కుర్రాళ్లంతా చప్పట్లు కొట్టారు.

నాన్న ఒక్కడే అడ్డం చెప్పాడు. "ఆ తీగ జోలికెల్లకండ్రా. అదుంటేనే ఇసక కదలకుంటాది. ముందున్నయ్యన్నీ దచ్చిణపు గాలి రోజులు."

ఆయన చదువుకోలేదు కనక నేను నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నామీద నాకే ఒళ్లు మండుతుంది.

మూడు రోజులు పీకాం. వేళ్లు బారలకొద్దీ వచ్చాయి. అమ్మ మీద పాకిన తీగని నేనే రెండు చేతులా లాగాను. పండగనాడు జనం చెప్పుల్లేకుండా నడిచి, ఒక్క ముల్లూ గుచ్చుకోలేదని మెచ్చుకున్నారు. నాన్న మాత్రం కొవ్వొత్తి వెలిగించి, మంట ఎటు వాలుతోందో చూస్తూ నిలబడ్డాడు.

వారం తిరక్కుండా గాలి ఎత్తుకుంది. మొదట రోడ్డు మీద ఇసుక చీర కుచ్చిళ్లలా మడతలు పడింది. తరవాత మేం పేర్చిన తెల్లరాళ్లు కనబడలేదు. అన్నం పళ్లెంలో ఇసుక, పక్కలో ఇసుక. పగలల్లా దిబ్బ సన్నగా బుసకొడుతూనే ఉండేది. మే నెలకి ఆటోలు మలుపు దగ్గరే ఆగిపోయాయి. "మీ రోడ్డుకి కాళ్లొచ్చి నడిసొత్తన్నాది మేస్టారూ" అని ఒక ఆటో అతను నవ్వాడు. నాకు భయమేసింది.

అమ్మ ఇటుకలు ముందు మునిగాయి. నాన్న రోజూ సాయంత్రం పార పట్టుకెళ్లి ఇసుక తోడేవాడు. మర్నాటికి మళ్లీ నిండేది. బడికి సెలవులిచ్చాక నేనూ తోడేవాణ్ని. ఇసుక సిలువ చేతులదాకా వచ్చింది. జూన్‌లో నాన్న జ్వరంతో ఇరవై రోజులు మంచం పట్టాడు. బడి తెరిచారని నేను అనకాపల్లిలోనే ఉండిపోయాను. ఆయన లేచి వెళ్లేసరికి దిబ్బ నున్నగా ఉంది, సిలువ లేదు.

వానల్లో తీగ ముక్కలు తెచ్చి నాటాం. రోడ్డు పక్క కొన్ని బతికాయి. దిబ్బ మీద ఒక్కటీ నిలవలేదు.

మరుసటి ఈస్టర్ ఉదయం నాన్న తాటిచెట్టు దగ్గర నుంచి అడుగులు లెక్కపెట్టుకుంటూ వెళ్లి ఒకచోట కొవ్వొత్తి పెట్టాడు. పక్కవీధి ముసలావిడ వచ్చి, తన పెనిమిటి చోటు అదేనని అక్కడే తన కొవ్వొత్తీ పెట్టింది. ఎవరూ తగువాడలేదు. నాన్న తన కొవ్వొత్తిని జానెడు పక్కకి జరిపి, నావైపు తిరిగాడు.

"అమ్మ మీద తీగ నువ్వే గదరా పీకేవు. ఆ రోజు యెక్కడ నిలబడ్డావో గుర్తుందేటి?"

నిష్ఠూరంగా కాదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు. నేను దిబ్బంతా చూశాను. ఎటు చూసినా ఒక్కలాగే ఉంది.