ఎవరి మార్కులు వారే

నేను మండవల్లి దగ్గర హైస్కూల్లో లెక్కల మాస్టారుగా ఉండగా, ఒక ఏడు సెలవుల తర్వాత హెడ్‌మాస్టరు గారు కొత్త పద్ధతి పెట్టారు. ఎవరి బోధనకు వారే పదికి మార్కులు వేసుకోవాలి. పదో తరగతి ఎవరికివ్వాలో వాటిని బట్టే తేలుతుంది.

లెక్కలకు ఇద్దరం. నేను, ఏలూరు నుంచి బస్సులో వచ్చే టీచరు గారు. పదో తరగతి ఇద్దరికీ కావాలి. నాకది పరువు విషయం. బడి చుట్టూ ఉన్న చేపల చెరువుల్లో చాలా భాగం ఒకప్పుడు మా తాతగారి చేలు. అవి పోయాక ఊళ్ళో మాకు మిగిలిన గౌరవం పదో తరగతి లెక్కలే.

స్టాఫ్‌రూములో ముందు సోషల్ మాస్టారు నోరు విప్పారు.

"నాదేముందండీ, అయిదు వేసుకోండి."

"ఆయనే అయిదంటే నేను ఆరంటే బాగుంటుందాండీ? నాలుగు," అన్నారు హిందీ మాస్టారు.

లెక్కల టీచరు గారు కూడా, "నాకూ నాలుగేనండీ," అన్నారు.

నా వంతు వచ్చింది. "తొమ్మిది," అన్నాను.

"ఆ ఒక్కటీ ఎవరికి వదిలేశారండీ, కొల్లేరు పిట్టలకా?" అన్నారు సోషల్ మాస్టారు. అందరూ నవ్వారు.

"పద్ధతి ప్రకారం పదో తరగతి మీదేనండీ," అన్నారు హెడ్‌మాస్టరు గారు నాతో. టీచరు గారు టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకుంటున్నారు.

మా రెండు తరగతులకూ మధ్య చెక్క అడ్డు ఒక్కటే. లెక్క తప్పు చేసిన పిల్లను బోర్డు దగ్గర నిలబెట్టి, ఎక్కడ దారి తప్పిందో ఆ పిల్ల చేతే చెప్పించేవారావిడ. నా వెనక బెంచీల వాళ్ళు అటే చెవులు పెట్టేవారు. కొన్నిసార్లు నేనూ సుద్దముక్క ఆపి వినేవాణ్ణి.

"ఆవిడ మర్యాదకి నాలుగన్నారండీ. తొమ్మిది వేయండి," అన్నాను హెడ్‌మాస్టరు గారితో.

"మరి మీకో?"

"నాకూ తొమ్మిదే."

"ఇద్దరికీ సమానమైతే ఎలాగండీ?"

"ఆవిడకే ఇవ్వండి. ఎదుటివాళ్ళ మర్యాదను సొమ్ము చేసుకోవడం మా ఇంటా వంటా లేదు."

బయటికొచ్చాక టీచరు గారు, "నేను ఎనిమిది అనుకునే వచ్చానండీ. అందరూ తగ్గించుకుంటుంటే నోరు రాలేదు," అన్నారు.

ఆ ఏడు నాకు ఎనిమిదో తరగతి వచ్చింది. తప్పు చేసిన పిల్లల్ని బోర్డు దగ్గరికి పిలిచి చెప్పించడం నేనూ మొదలుపెట్టాను. నా తొమ్మిదిని మాత్రం తగ్గించుకోలేదు.