ఆ గదిలో మా అమ్మాయి అడిగిన మాట

మాది కంప్లి. మా అమ్మాయికి పదిహేడేళ్లు దాటినా పెద్దమనిషి కాలేదు. మందులకూ మొక్కులకూ తిరిగి తిరిగి అలసిపోయి, చివరికి కిందటేడు బళ్లారిలో స్కానింగ్ తీయించాం. మా అత్త కూడా వెంట వచ్చింది.

"కడుపుతో ఉండంగా వద్దన్నా నాట్లకు పోతివి. దాని ఫలమే ఇది" అని బస్సులో అంటూనే ఉంది.

రిపోర్టు చూసిన డాక్టరమ్మ నెమ్మదిగా చెప్పింది. "పిండంగా ఉన్నప్పుడే రెండు సన్నని గొట్టాలు కలిసి గర్భసంచి అవుతాయమ్మా. ఈ పాపకు అవి సరిగా ఎదగలేదు. అండాశయాలు బాగున్నాయి, గర్భసంచి మాత్రం లేదు. ఇది తల్లి చేసిన పని వల్ల వచ్చేది కాదు."

అత్త తల దించుకుంది. అప్పుడు మా అమ్మాయి చాలా చిన్న గొంతుతో అడిగింది.

"అయితే నేను ఆడపిల్లనేనా, మేడమ్?"

డాక్టరమ్మ నోరు తెరిచేలోపే అత్త దాని చెయ్యి పట్టుకుంది. "ఆడపిల్లవి కాకపోతే ఇంకేందే? యాడ నేర్చినావు ఈ మాటలు?" అంటూ ఏడ్చేసింది.

ఊళ్లో వాళ్ల ఆరాలు ఇంకా ఆగలేదు. వాటికి జవాబు చెప్పి చెప్పి విసిగిపోయాను. కానీ ఆ ఒక్క ప్రశ్నను నా బిడ్డ ఎన్నేళ్లు ఒంటరిగా మోసిందో అన్న తలపే నన్ను ఇప్పటికీ వదలడం లేదు.