నా గొంతుకు సరిపడే వేగం

పాట వేగాన్ని నిర్ణయించేది పాడేవాడు కాదని నాకు నలభై మూడో ఏట తెలిసింది. మా కాకినాడలో కచేరీ అంటే గాయకుడు తొడ మీద తాళం వేసి ఎత్తుకున్నదే వేగం. వయొలినూ మృదంగమూ దాని వెంట నడుస్తాయి. ఇక్కడ ఈ పరాయి దేశంలో, లోవర్ హట్ అనే ఊళ్లో, చర్చి పక్క హాల్లో, సోమవారం సాయంత్రాలు మా కోరస్ సాధన చేసే చోట వ్యవహారమంతా తలకిందులు. ముందు వాద్యాలు కాసేపు వాయిస్తాయి. వాటిని నడిపే కండక్టర్ చేతిలో సన్నని కర్ర ఉంటుంది. నేను నోరు తెరిచేసరికి ఎంత వేగమో తేలిపోయి ఉంటుంది. కదులుతున్న బండి ఎక్కినట్టు నేను అందులోకి ఎక్కాలి.

నా గొంతు సంగతి కూడా చెప్పాలి. పద్నాలుగో ఏట అది పగిలి దిగడం మొదలుపెట్టింది, ఎక్కడా ఆగలేదు. సంగీతం మాస్టారు నా కోసం శ్రుతి తగ్గించి, తగ్గించి, చివరికి విసుగొచ్చి, "నీది గొంతు కాదురా నాయనా, తిరగలి" అన్నారు. క్లాసులో మిగిలినవాళ్లంతా ఆడపిల్లలు. వాళ్ల నవ్వు తగ్గకముందే చెప్పులేసుకుని ఇంటికొచ్చేశాను, మళ్లీ వెళ్లలేదు. ఆ తర్వాత ఈ గొంతుకు దొరికిన పనులు రెండే. కాలేజీ వార్షికోత్సవాల్లో మైకు పట్టుకోవడం ఒకటి, ఇక్కడికొచ్చాక జాన్సన్‌విల్‌లో మనవాళ్లు వేసే ఉగాది నాటికలో ఏటా యముడి వేషం రెండోది. ఒకసారి పాట పాడతానని పేరిస్తే ఒక ఆంటీ, "నువ్వు పాడితే పిల్లలు జడుసుకుంటారు బాబూ, హాయిగా ఆ యముడి డైలాగులు చెప్పు" అన్నారు. అందరితోపాటు నేనూ నవ్వాను. నవ్వాను కదా అని మనసుకు పట్టలేదనుకోకండి. పట్టింది.

కోరస్‌లోకి నన్ను లాక్కెళ్లింది ఆఫీసులో నా పక్క సీటు ఆవిడ. అక్కడి కండక్టర్ డెబ్బై దాటిన మనిషి, స్కూల్లో సంగీతం చెప్పి రిటైరయింది. మొదటిరోజు పియానో దగ్గర నిలబెట్టి, ఒక్కో మెట్టే దిగుతూ నన్ను పాడమంది. "ఇంకా కిందకి. ఇంకా. ఉందా ఇంకా?" అంటూ దిగి, దిగి, చివరికి పియానో మీంచి చేతులు తీసేసి చప్పట్లు కొట్టింది. మగగొంతుల్లో అన్నిటికన్నా కిందది బేస్ అని, నాది అందులోనూ కిందదని చెప్పింది. తిరగలికి ఇక్కడ పేరూ, నిలబడటానికి ఒక వరసా ఉన్నాయన్నమాట. కారులో ఇంటికొస్తూ ఏడ్చాను.

మూడేళ్లు వెనక వరసలో పాడాను. నాలుగో ఏడు ఒక ఒరటోరియో ఎత్తుకున్నాం. వేషాలూ తెరలూ లేకుండా నిలబడి పాడే పురాణకథ అనుకోండి, మూడు వందల ఏళ్ల నాటిది. అందులో ఒక రాజు శత్రువుల మీద మండిపడుతూ ఒంటరిగా పాడే పాట ఉంది. ఆ పాట కండక్టర్ నాకిచ్చింది. మధ్యలో ఒకే ఒక్క "ఆ" మీద ఊపిరి తీయకుండా నలభైకి పైగా స్వరాలు పరుగెత్తాలి. రాజుగారి కోపమంతా ఆ పరుగులోనే ఉంది.

ఇంటర్నెట్‌లో వెతికితే పాత రికార్డింగులు దొరికాయి. పెద్ద పెద్ద ఒపెరా బేస్‌లు, ఒక్కో స్వరాన్నీ బరువుగా మోపుతూ తాపీగా పాడారు. నాకు ప్రాణం లేచొచ్చింది. అచ్చంగా అలాగే నేర్చుకుని వెళ్లి పాడాను.

కండక్టర్ చివరిదాకా విని, "అందంగా ఉంది. కానీ ఇతను కోపంగా ఉన్న రాజా, భోజనం చేసి కునుకు తీయబోతున్న రాజా? కొంచెం వేగం పెంచు" అంది.

ఇక్కడే నా పరువు పోయింది. చిన్నప్పుడు ఒంటబట్టిన పాఠంలో ఎత్తుకున్నాక "కొంచెం" పెంచడమనేది లేదు. మొదటి కాలం, దానికి రెట్టింపు రెండో కాలం, దానికీ రెట్టింపు మూడో కాలం. వేగం పెంచమనగానే నా చెయ్యి తొడ మీదకు దానంతటదే వెళ్లింది, నోరు రెండో కాలం అందుకుంది. పియానో వాయించే ఆయన తాళం రెండో చుట్టులోనే చేతులెత్తేశాడు. నేను మాత్రం ఒంటరిగా, కళ్లు మూసుకుని, ఊపిరి అయిపోయేదాకా పరుగెత్తాను. కళ్లు తెరిస్తే హాలంతా పొట్ట పట్టుకుని నవ్వుతోంది.

మా పద్ధతి ఇదీ అని చెబితే కండక్టర్ మాత్రం నవ్వలేదు. "అంటే మీకు మధ్యలో మెట్లే ఉండవా?" అని అడిగింది.

"ఎత్తుకునే ముందు ఎన్నైనా ఉంటాయండీ. ఎత్తుకున్నాక పెంచమంటే రెట్టింపే" అన్నాను.

ఆవిడ మెట్రొనోమ్ తీసి నిమిషానికి నూట ముప్పై రెండు దెబ్బలకు పెట్టింది. ఆ పాత రికార్డింగులు తర్వాతి కాలం వాళ్ల అలవాటనీ, ఈ పాట పుట్టిన రోజుల్లో వాద్యాలూ గొంతులూ తేలిగ్గా ఉండేవనీ, ఇప్పుడు లోకమంతా చురుగ్గానే పాడుతోందనీ విడమరిచి చెప్పింది. ఆవిడ మాటలో తప్పు లేదు. తప్పల్లా నా గొంతు ఆ చరిత్ర చదవకపోవడమే. అట్టడుగు స్వరం నా దగ్గర పుట్టడానికి ఒక క్షణం తీసుకుంటుంది. నూట ముప్పై రెండు మీద ఆ క్షణం దొరకదు. ఒక స్వరం పూర్తిగా మోగేలోపే తర్వాతది వచ్చి మీద పడుతుంది.

అయినా పట్టు పట్టాను. ఆ నలభై స్వరాలనూ సరిగమల్లో రాసుకుని, మాస్టారి దగ్గర మానేసిన అకార సాధకం మళ్లీ మొదలుపెట్టాను. ఇంట్లో మా అమ్మాయి, "నాన్నా, ఐ హావ్ ఎగ్జామ్స్" అని తలుపేసుకుంటుంది కాబట్టి ఆదివారాలు పెటోన్ బీచ్ పక్కన కారు ఆపి, అద్దాలు ఎత్తి పాడేవాణ్ని. ఒకసారి కుక్కను తిప్పుతున్న పెద్దావిడ వచ్చి అద్దం తట్టి, ఒంట్లో బాగానే ఉందా, ఎవరికైనా ఫోన్ చెయ్యమంటావా అని అడిగింది. రాజుగారి కోపం కొంతైనా పలుకుతోందని సంతోషించాను.

ఐదో వారానికి నూట ముప్పై రెండు అందింది. ఎలా అందిందో నాకు తెలుసు. గొంతులో బరువంతా దించేశాను. ఛాతీని వదిలేసి పెదవుల చివర పాడితే స్వరాలు టపటపా రాలుతున్నాయి, ఒక్కటి కూడా పోవడం లేదు. గర్వంగా ఇంట్లో హాల్లోనే పాడుతుంటే మా ఆవిడ వంటింట్లోంచి గరిటె పట్టుకుని వచ్చింది.

"మీరా? ఫోన్లో ఎవరిదో పెట్టుకుని వింటున్నారనుకున్నానండీ."

"నేనే. బాగుందా?"

"బానే ఉంది. అలా ఎవరైనా పాడతారు కదా" అని లోపలికి వెళ్లిపోయింది.

ఆవిడ దెప్పిపొడవాలని అనలేదు. అందుకే ఎక్కువ తగిలింది. నలభై మూడేళ్లకు ఒక చోట నా గొంతు కావాలన్నారు. ఆ పాట దక్కించుకోవడానికి నేను అమ్ముకున్నది ఆ గొంతునే. రాత్రి భోజనాల దగ్గర మా ఆవిడతో అన్నాను, పాడితే నా గొంతుతో పాడతాను, లేకపోతే ఆ పాటే వద్దని చెప్పేస్తాను అని.

"మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు. మీరు రాజూ మొండీ రెండూ అయి కూర్చున్నారు. ఇంక మీ కండక్టర్‌ను ఆ దేవుడే కాపాడాలి" అంది.

తర్వాతి సోమవారం అరగంట ముందే వెళ్లాను. కండక్టర్ టీ కోసం నీళ్లు పెడుతోంది. నా మాట విని, కప్పులు సర్దడం ఆపింది. "కచేరీ మూడు వారాల్లో ఉంది. ముందు వరసలో ఉన్న ఆ స్కూలు టీచర్‌ది తేలిక గొంతు. అడిగితే రేపే పాడతాడు, ఇదే వేగంలో. అది నీకూ తెలుసు" అంది.

"తెలుసండీ. ఆయనకే ఇవ్వండి. నేను పాడాలంటే మాత్రం నూట పన్నెండు." గొంతు వణకలేదు, అదొక్కటే మేలు.

"నూట పన్నెండైతే కోపం ఎక్కడుంటుంది?"

"మా నాన్నగారు ఎప్పుడూ గబగబా తిట్టలేదండీ. ఒక్కో మాటా ఆగి ఆగి తిట్టేవారు. ఇంటిల్లిపాదీ వణికిపోయేవాళ్లం. ఇంకోటి, ఇక్కడంటే కింద కార్పెట్ ఉంది. కచేరీ జరిగే చర్చిలో పలికిన ప్రతి స్వరమూ మోగుతూ ఉండిపోతుంది. ఆ వేగంలో నా పరుగు జనానికి ముద్దగా వినపడుతుంది."

ఆవిడ ఆపిన కప్పులు మళ్లీ సర్దింది. తర్వాత, "నూట ఇరవై" అంది. నేను నూట పద్నాలుగన్నాను. రైతుబజార్లో వంకాయలు బేరమాడినట్టు ఆడి నూట పదహారు దగ్గర తెగ్గొట్టాం. ఆ మూడు వారాలూ మెట్రొనోమ్ పెట్టుకుని ఆ వేగంలోనే సాధన చేశాం. బరువు దించకుండా, ఒక్క స్వరం జారకుండా పాడటానికి ఆ మూడు వారాలూ చాలీ చాలకుండా సరిపోయాయి.

కచేరీ ఆదివారం మధ్యాహ్నం. చర్చి నిండింది. నాకు ముందు కోరస్ పాడిన పాట ఉరుకులు పరుగులది. చప్పట్లు ఆగకముందే కండక్టర్ నా వైపు తల ఊపి కర్ర ఎత్తింది. మొదటి దెబ్బకే నాకు అర్థమైంది. అది నూట పదహారు కాదు. ముందు పాట వేడిలో ఆవిడ చెయ్యి పాత అలవాటుకు వెళ్లిపోయింది. నూట ముప్పై రెండు, ఇంకా ఒక పిసరు ఎక్కువేనేమో.

నేను నోరు తెరవడానికి తాళం ఎనిమిది చుట్లున్నాయి. సన్నగొంతు నాకు తెలిసిన దారే, అందులో వెళ్తే ఎవరికీ ఏ ఇబ్బందీ రాదు. జనానికి తేడా కూడా తెలియదు. వయొలిన్లు రయ్యిమని పోతున్నాయి, ఏడో చుట్టు కూడా అయిపోయింది. సన్నగొంతు వద్దనుకున్నాను. ఛాతీ నిండా గాలి తీసుకున్నాను.

రాజుగారి మొదటి మాట పొడుగాటి స్వరం. దాన్ని ఉన్న బరువంతా పెట్టి మోపాను. ఆవిడ కర్ర వదలమన్న చోట వదల్లేదు. వయొలిన్లు నన్ను దాటి ముందుకెళ్లి తడబడ్డాయి. ఆ తడబాటు సంగీతం రానివాడికి కూడా వినపడుతుంది. నా పక్కనే కూర్చుని చెల్లో వాయించే అమ్మాయి తల తిప్పి చూసి, వయొలిన్ల వెంట పోకుండా నా దగ్గరే ఆగింది. కండక్టర్ తలెత్తింది. ఆ కళ్లలో ఉన్న కోపం ముందు, నా పాటలోని రాజుగారి కోపం ఏపాటిది? రెండో చుట్టులోనూ నేను నా వేగం మీదే నిలబడ్డాను. భయం వేసింది, చాలా వేసింది. మూడో చుట్టులో ఆవిడ చెయ్యి నా వెంట వచ్చింది.

పరుగు వచ్చింది. నలభై స్వరాలూ ఒక్కొక్కటే, దేనికది విడిగా, పైకప్పు దాకా వెళ్లి మోగాయి. ఒక్కటీ పోలేదు.

కచేరీ తర్వాత టీ కప్పుల మధ్య కండక్టర్ నన్ను మూలకు పిలిచింది. "ఇంకోసారి నా ఆర్కెస్ట్రాను అలా వెనక్కి గుంజావంటే ఈ కర్ర నీ నెత్తిన విరుగుతుంది" అంది. నవ్వుతూ అనలేదు.

"క్షమించండి. కానీ మనం అనుకున్నది నూట పదహారండీ."

"నేను కొట్టింది అదే కదా?"

"కాదండీ."

ఆవిడ సంచిలోంచి పాట పుస్తకం తీసి, నా పాట ఉన్న పేజీ తిప్పింది. పైన పెన్సిల్‌తో నూట ముప్పై రెండనే ఉంది. బేరం తెగిన రోజు దాన్ని మార్చడం మర్చిపోయింది. అంకె కొట్టేసి, నన్ను అడిగింది, "ఎంత?"

"నూట పదహారు."

రాసుకుంది. దాని పక్కన నా పేరు కూడా రాసింది, స్పెల్లింగ్ అడిగి మరీ. నా గొంతు అడిగినదాన్ని ఒకరు కాగితం మీద పెట్టుకోవడం నాకు అదే మొదటిసారి.