ఏ వెలుతురులో చూస్తారు?

ఉద్యోగంలో ఉన్న రోజుల్లో అతన్ని అందరూ "కన్ను" అని పిలిచేవారు. రంగుల ఫ్యాక్టరీ ల్యాబులో షేడ్లు కలపడం అతని పని. ఎవరైనా గోడ పెచ్చు తెచ్చి చేతిలో పెడితే, అందులో పసుపెంత, నలుపెంత అని కాసేపు తేరిపార చూసి, అచ్చం అదే రంగు డబ్బాలో పోసిచ్చేవాడు. తర్వాత ఫ్యాక్టరీకి ఓ మిషను వచ్చింది. పెచ్చును దాని మూతి దగ్గర పెడితే చాలు, లెక్కంతా అదే చెబుతుంది. కన్నుకు సెలవిచ్చేశారు. అది పోయిన ఎండాకాలం మాట. మళ్లీ ఎండలు ముదిరాయి గానీ ఉద్యోగం రాలేదు. మిగిలిందల్లా ఆ పేరే. అదీ స్నేహితుల నోళ్లలో పడి వెటకారమైపోయింది.

"ఏరా కన్నూ, ఈ వారమంతా ఏం చూశావ్? సీలింగా?" అన్నాడు సెల్లు షాపువాడు. చిన్నప్పుడు బళ్లో ఒకే బెంచీ మీద కూర్చున్న స్నేహితుడు.

పక్కనున్న లాయరు పకపకా నవ్వాడు. అతను లాయరేం కాదు, బస్సు కండక్టరు. ఏ విషయమైనా వాదించందే వదలడు కాబట్టి ఆ పేరు.

ఆదివారం, షాపుకి సెలవు. పాత అల్మారా పీకేస్తే గోడ మీద పెచ్చూడి మచ్చ తేలింది. దానికి సరిపోయే రంగు కలిపి అతుకు వేయమని పిలిచాడు సెల్లు షాపువాడు. పిలిచింది అందుకొక్కదానికే కాదని కన్నుకు వెళ్లాకే అర్థమైంది.

"రేపట్నుంచి నా కౌంటర్లో కూర్చోరా. పొద్దున షాపు తీసేటప్పటికి ఏదో ఒకటి చెప్పు. లేకపోతే మా బావమరిదిని పెట్టేసుకుంటా."

"రేపు నాకు పరీక్ష ఉందిరా. కొత్త ఫ్యాక్టరీ. షేడు కలిపి చూపించమన్నారు."

"మళ్లీనా?" లాయరు అందుకున్నాడు. "మీ పాప బడికెళ్లి పరీక్షలు రాస్తోంది, నువ్వింకా రాస్తూనే ఉన్నావ్. వదిన ఒక్కతే ఎన్నాళ్లని లాక్కొస్తుందిరా ఇల్లు?"

కన్ను డబ్బాలు ముందేసుకుని కూర్చున్నాడు. షాపులో మిగిలిపోయిన తెలుపు, పసుపు, కాస్త నీలం, చిటికెడు నలుపు. గోడేమో పచ్చ కలిసిన బూడిద రంగు. కలిపాడు, కొంచెం పూశాడు, ఆరనిచ్చాడు. తడిగా ఉన్నప్పుడు ఒకలా, ఆరాక ఒకలా ఉంటుంది కదా. మళ్లీ కలిపాడు. మధ్యాహ్నం, ఎత్తిన షట్టర్లోంచి వచ్చే వెలుతురులో అతుకు మాయమైపోయింది. లాయరు ముక్కు గోడకి ఆనించి వెతికినా దొరకలేదు.

"పర్లేదురా, ఇంకా పనికొస్తావ్," అన్నాడు సెల్లు షాపువాడు. ఆ ముక్కకే కన్నుకు ప్రాణం లేచొచ్చింది.

సాయంత్రం ట్యూబులైట్లు వేశారు. అతుకు ఎర్రటి దద్దురులా పైకి తేలింది.

"అందుకేరా వాళ్లు మిషను తెచ్చుకున్నారు!" అన్నాడు లాయరు. సరదాకే అన్నాడు. ఇద్దరూ కడుపు పట్టుకుని నవ్వారు. కన్ను కూడా నవ్వబోయాడు గానీ మొహం సహకరించలేదు.

ఇంటికి నడుస్తుంటే ఎటూ పాలుపోలేదు. తన కన్ను దెబ్బతింటే మధ్యాహ్నం ఎలా కుదిరింది? దెబ్బతినకపోతే సాయంత్రం గోడ మీద ఉన్నదేమిటి? దీనికే సమాధానం తెలియనివాడు రేపు ఏ మొహంతో పరీక్షకెళ్లాలి?

"ఏమైంది?" అంది భార్య, అతని వాలకం చూసి.

"గోడ."

"గోడకేమైంది?"

"అదే తెలియట్లేదు."

షాపు కబురంతా చెప్పాడు. కౌంటర్ సంగతీ చెప్పాడు. "నన్నేం చేయమంటావ్? ఒకసారి వెళ్లాలనిపిస్తోంది, ఒకసారి ఇక చాలనిపిస్తోంది."

ఆవిడ కూర తరగడం ఆపింది. "నిజం చెప్పనా? నాకూ అలాగే ఉందండీ."

పొద్దున లోపలి గదిలో లైటు వేసి పాపకు సాక్సులు తొడిగాడు. వీధి గుమ్మం దాటగానే పాప ఆగిపోయింది.

"నాన్నా! ఇది నలుపు, ఇది నీలం!"

"రెండూ నలుపేరా తల్లీ, నేనే కదా చూసి తొడిగాను," అంటూ వంగి చూశాడు. ఒకటి నల్లది, ఒకటి ముదురు నీలం. పాపను ఎత్తుకుని లోపలికి తీసుకెళ్లాడు. రెండూ నలుపే. బయటికి తెచ్చాడు. వేర్వేరు. మళ్లీ లోపలికి, మళ్లీ బయటికి.

"ఆ సాక్సుల ఊరేగింపు ఆపుతారా? దాని బస్సు వెళ్లిపోతుంది!" అని కేకేసింది భార్య.

అప్పుడు వెలిగింది. ల్యాబులో ఒక పెట్టె ఉండేది. పగటి వెలుతురులాంటి దీపం, ట్యూబులైటు, పసుపు బల్బు, అన్నీ అందులోనే. వాటన్నిటి కిందా చూడకుండా ఏ షేడూ అతని చేయి దాటేది కాదు. వేర్వేరు రంగు పొడులతో చేసిన రెండు రంగులు ఒక వెలుతురులో చక్కగా కలిసిపోయి, ఇంకో వెలుతురులో విడిపోవచ్చు. ఇది అతనికి కొత్తేం కాదు. పెట్టె ఎదురుగా లేకపోయేసరికి ఆ సంగతే మర్చిపోయాడు.

దారిలో షాపు దగ్గర ఆగాడు. సెల్లు షాపువాడు షట్టర్ ఎత్తుతున్నాడు. ఇంకా లైట్లు వేయలేదు.

"చూడరా, ఇప్పుడు అతుకు కనిపిస్తోందా?"

సెల్లు షాపువాడు చూశాడు. కళ్లు నులుముకుని మళ్లీ చూశాడు. "లేదు. అయితే ఏంటి? నా బేరమంతా సాయంత్రమే కదా. అప్పుడు కనిపిస్తుందిగా?"

అదీ నిజమే. తను తప్పు చేసినట్టా, చేయనట్టా? తన మాటా, వాడి మాటా ఒప్పే అయితే, ఇంక ఎవరిని నమ్మాలి?

"సరే గానీ, కౌంటర్ సంగతి ఏం చేశావ్?"

"పరీక్షకి వెళ్తున్నా."

"మా బావమరిదికి ఫోన్ చేసేస్తా మరి. తర్వాత నా మీద పడి ఏడవకు."

"చెయ్యి," అన్నాడు. అలా అన్నది తనేనా అని బస్సెక్కేదాకా అనుమానమే.

కొత్త ఫ్యాక్టరీలో ల్యాబు పెద్దాయన ఒక చెక్కముక్క చేతికిచ్చాడు. మీద ఇటుక రంగు పూసి ఉంది. "ఇలాంటిది కలపండి."

"సార్, దీన్ని ఏ వెలుతురులో చూస్తారు?"

ఆయన కళ్లద్దాల మీంచి చూశాడు. ఆ చూపులో మెచ్చుకోలు ఉందో విసుగు ఉందో కన్ను పోల్చుకోలేకపోయాడు. "కిటికీ దగ్గరా చూస్తాను, లైటు కిందా చూస్తాను," అని వెళ్లిపోయాడు.

కన్ను కలిపాడు. కిటికీ దగ్గరకు పట్టుకెళ్లాడు, లైటు కిందికి తెచ్చాడు, చిటికెడు నలుపు వేశాడు, మళ్లీ కిటికీ దగ్గరకు నడిచాడు. చివరికి ఇంకో చెక్కముక్క మీద పూసి బల్ల మీద పెట్టి, బయట బెంచీ మీద కూర్చున్నాడు. జేబులో ఫోను మోగింది. సెల్లు షాపువాడు.

"ఏమైందిరా?"

కన్ను తలుపు సందులోంచి బల్ల వైపు చూశాడు. కుదిరిందో లేదో ఇక్కణ్ణుంచి తెలియడం లేదు.

"ఆరుతోంది," అన్నాడు.

"ఆరితే?"

"ఆరితే చూడాలి."

"మా బావమరిదికి ఇంకా ఫోన్ చేయలేదులే," అని గొణిగి పెట్టేశాడు సెల్లు షాపువాడు.

కన్ను ఫోన్ జేబులో పెట్టుకుని, అక్కడే కూర్చున్నాడు.