ఖాళీ ట్రైలర్ మీద ఒక్క చరుపు

ముందుగా ఒక సంగతి. నేను బి.ఎస్సీ. పాసయ్యాను, ఫస్ట్ క్లాసులో. మా నాన్న వైపు గానీ అమ్మ వైపు గానీ ఇంతవరకూ డిగ్రీ దాకా వచ్చినవాళ్ళు లేరు. పదో తరగతి గట్టెక్కింది మా మేనమామ ఒక్కడే. నెల రోజులుగా ఈ మాట చెప్పకుండా నేను ఏ సంగతీ మొదలుపెట్టలేకపోతున్నాను. పాల ప్యాకెట్టు కొనడానికి వెళ్ళినా చెప్పేస్తున్నాను.

రెండో సంగతి. దయ్యాలూ ఆత్మలూ అంటే నాకు నవ్వొచ్చేది. చిన్నప్పుడు మా వీధి చివర మూతబడ్డ ఐసు ఫ్యాక్టరీలో ఏదో తిరుగుతోందని పిల్లలంతా చెప్పుకుంటే, లోపలికి వెళ్ళి కూర్చుని జామకాయ మొత్తం తిని వచ్చినదాన్ని. పైగా చదివింది ఫిజిక్స్. అందుకే ఇప్పుడు రాస్తున్నది నాకే కొత్తగా ఉంది. జరిగింది జరిగినట్టు రాస్తాను.

మా నాన్న పేరు మస్తాన్. విజయవాడ ఆటోనగర్‌లో ఆయనకి ఒక రేకుల షెడ్డు ఉంది. మిలిటరీవాళ్ళు వాడి, పాతబడ్డాక వేలంలో వదిలించుకునే బళ్ళని అక్కడ డిస్పోజల్ బళ్ళంటారు. జీపు వెనక తగిలించే రెండు చక్రాల చిన్న ట్రైలర్లు కూడా అట్లా బయటికొచ్చినవే. రేకు మందం, ఇరుసు గట్టి. అలాంటివి ఎక్కడున్నాయో వెతికి తెచ్చి, తుప్పు గీకి, సొట్టలు తీసి మళ్ళీ రోడ్డెక్కించడం నాన్న పని.

పాతికేళ్ళు రేకు మీద సుత్తి కొట్టి కొట్టి ఆయన చెవులు దెబ్బతిన్నాయి. పక్కన నిలబడి అరిస్తే తప్ప వినపడదు. వెనక లారీ హారన్ మోగినా తెలియదు.

ఈ పని ఆయనకి నేర్పింది సత్యం పెదనాన్న. మాకు చుట్టం కాదు. మిలిటరీలో డ్రైవరుగా చేసి వచ్చాడు. నాన్న ఆయన్ని ‘అన్నా’ అనేవాడు, అందుకని నాకు పెదనాన్న అయ్యాడు. రంజాన్ పండక్కి మా ఇంట్లో సేమ్యా మొదటి గిన్నె ఆయనకే వెళ్ళేది.

తయారైన ట్రైలర్‌ని అప్పగించే ముందు ఇద్దరూ కలిసి ట్రయల్‌కి తీసుకెళ్ళేవాళ్ళు. నాన్న షెడ్డు జీపు నడిపేవాడు. పెదనాన్న ఖాళీ ట్రైలర్‌లో గొంతుక్కూర్చునేవాడు. ఇరుసు ఎట్లా ఉందో, బేరింగులు ఎట్లా ఉన్నాయో కింద కూర్చున్నవాడికే తెలుస్తుందనేవాడు. ఏదైనా తేడా వస్తే అరిచి లాభం లేదు, నాన్నకి వినపడదు. అందుకని లారీ క్లీనర్లు కొట్టినట్టే అరచేత్తో రేకు మీద చరిచేవాడు. ఒక చరుపంటే ఆగమని, రెండంటే పొమ్మని. ఆ అదురు కొక్కెం మీదుగా జీపులోకి వచ్చి వీపుకి తగులుతుందని నాన్న చెప్పేవాడు.

ఈ ట్రైలర్ దొరికిన రోజు నేనూ వాళ్ళతో ఉన్నాను. గుడివాడ పక్కన ఒక పల్లెలో, గొడ్ల పాకలో గేదెలకి కుడితి తొట్టిగా ఉందది. చక్రాలు లేవు. ఇరుసు మట్టిలో కూరుకుపోయింది. నీళ్ళు పోవడానికి అడుగున ఉండే రెండు బెజ్జాలకి గుడ్డలు చుట్టిన కర్రముక్కలు బిగించి ఉన్నాయి. పెదనాన్న దాని అంచు తడిమి, పక్కరేకు మీద పేడ గీకి, నాన్న వైపు చూసి నవ్వాడు. పెళ్ళిచూపుల్లో పిల్ల నచ్చినవాడి నవ్వు అది.

ఆ ఇంటి ముసలావిడ మాత్రం ససేమిరా అంది.

“మా మావగారు తెచ్చిన తొట్టి బాబూ అది. మా గేదె దాంట్లో తప్ప మూతి పెట్టదు.”

“ఇది తొట్టి కాదమ్మా, మిలిటరీ బండి,” అన్నాడు పెదనాన్న.

“బండైతే తోలుకుపో మరి, చూస్తాను,” అందావిడ.

చివరికి ఇద్దరూ రెండు రోజులు అక్కడే ఉండి సిమెంటుతో కొత్త తొట్టి కట్టిచ్చారు. గేదె అందులో మూతి పెట్టేదాకా ఆవిడ ట్రైలర్‌ని కదలనివ్వలేదు. ఆ గేదె ముందు నిలబడి మా పెదనాన్న “తాగవే తల్లీ, తాగు” అని బతిమాలటం నేను కళ్ళారా చూశాను.

ఆ దీపావళి వెళ్ళిన వారానికి పెదనాన్న పోయాడు. నిద్రలోనే. ట్రైలర్ పని సగం కూడా కాలేదు.

నాన్న దాని మీద పట్టా కప్పేశాడు. షెడ్డుకి వెళ్ళేవాడు, కూర్చునేవాడు, వచ్చేసేవాడు. కొత్త పని ఎవరు తెచ్చినా ఒప్పుకోలేదు. చివరికి ఒక కోల్డ్ స్టోరేజీలో వాచ్‌మన్‌గా చేరతానని మాటిచ్చేశాడు, జులై ఒకటి నుంచి. నాకు మనసు ఒప్పలేదు. సొట్టపడ్డ రేకుని నిమిరి ఎక్కడ కొట్టాలో చెప్పగల మనిషి, గేటు దగ్గర కుర్చీలో కూర్చుని రోజులు వెళ్ళదీయడం నేను ఊహించుకోలేకపోయాను.

ఏప్రిల్‌లో నా పరీక్షలైపోయాయి. మర్నాడే షెడ్డుకెళ్ళి పట్టా లాగేశాను.

“ఇదొక్కటి పూర్తి చేద్దాం నాన్నా,” అని చెవి దగ్గర అరిచాను.

వంగి దాని అంచు తడిమాడు. “అన్న తెచ్చిన బండి కాబట్టి. ఇదొక్కటే,” అన్నాడు.

రెండు నెలలు పట్టింది. కుడితి గట్టిపడి రాయిలా పట్టేసింది, అది గీకడమే వారం. దాని కింద బూడిదరంగు, ఇంకా కింద మిలిటరీ ఆకుపచ్చ. తుప్పు తిన్నచోట రేకు కోసి కొత్త ముక్క అతికాం. నేను బయటినుంచి రేకుకి ఇనుప దిమ్మె ఆనించి పట్టుకుంటే నాన్న లోపల్నుంచి కొయ్యసుత్తితో సొట్టలు తీశాడు. బేరింగులు కొత్తవి వేసి గ్రీజు కూరాం. ఇరుసు, చక్రాలు, చివరికి చక్రాల బోల్టులతో సహా అన్నిటికీ ఆకుపచ్చ రంగేశాం. హనుమాన్ జంక్షన్ అవతల చేపల చెరువులున్న ఒక రాజుగారు దాన్ని మేతబస్తాలకి తీసుకుంటానన్నారు. పని నడుస్తున్నన్నాళ్ళూ నాన్న బాగానే ఉన్నాడు. కానీ ఒకటో తారీకు మాట వెనక్కి తీసుకోలేదు. ఈ బండి నచ్చితే ఇంకోటి చేసిపెట్టమని రాజుగారే అడుగుతారని, అప్పుడైనా నాన్న కాదనలేడని నా ఆశ.

అప్పగించే రోజూ నా రిజల్ట్సు వచ్చే రోజూ ఒకటే అయింది.

పొద్దున్నే నెట్ సెంటర్‌కి పోయి, హాల్‌టికెట్ నంబరు కొట్టించి, కాగితం అచ్చు తీయించుకుని షెడ్డుకి పరిగెత్తాను. నేను అరిచిన అరుపుకి ఆ వరసలో నాలుగు షెడ్లవాళ్ళకి నాన్న కంటే ముందే తెలిసిపోయింది. నాన్న చేతుల గ్రీజు తుడుచుకుని కాగితం పట్టుకున్నాడు. ఆయనకి చదవడం రాదు. అయినా పైనుంచి కింది దాకా చూశాడు.

“దీంట్లో నీ పేరెక్కడ?” అన్నాడు. చూపించాను. ఆ చోట వేలు పెట్టి కాసేపు తియ్యలేదు.

తర్వాత “సరే, చక్రాల నట్లు ఓసారి గట్టిగా బిగించు, బయల్దేరదాం,” అన్నాడు.

చక్రానికి ఐదు నట్లు. స్పానర్ మీద కాలేసి తొక్కి ఒక్కోదాన్ని అర చుట్టు తిప్పాను. పక్క షెడ్డతను “ఏమ్మా బీయెస్సీ, ఇక ఆఫీసరువేగా” అని అంటుంటే నవ్వుతూ, అతనికి నా మార్కులు చెబుతూ తిప్పాను. బయల్దేరే ముందు అన్నీ మళ్ళీ చూసుకోవడం ఎప్పుడూ పెదనాన్న పని. ఆ రోజు చూసేవాళ్ళు లేరు.

ట్రైలర్ ఖాళీ. పొద్దున నేనే నీళ్ళతో కడిగాను. పైన పట్టా కూడా కట్టలేదు. జాకీ, స్పానర్లు అన్నీ జీపులో నా కాళ్ళ దగ్గర ఉన్నాయి. గన్నవరం దాటాం, జంక్షన్ దాటాం. చెరువుల వైపు కాలవగట్టు రోడ్డు పట్టాం. ఎడమ పక్క నిండుగా కాలవ, నా సీటుకి మూడడుగుల దూరంలో. ఎదురుగా ఇరుకు వంతెన. ఉదయం పదకొండు కావస్తోంది, మంచి ఎండ.

అప్పుడు వినపడింది. వెనక, రేకు మీద, అరచేత్తో కొట్టిన చప్పుడు. ఒక్కటే.

నేను వెనక్కి తల తిప్పేలోపే నాన్న బ్రేకు తొక్కేశాడు. జీపు ఆగింది. ట్రైలర్ ఖాళీగా ఉంది. రోడ్డు మీద ముందూ వెనకా మనిషి లేడు.

నాన్న నా వైపు చూడలేదు. ఎప్పుడూ దిగినట్టే దిగాడు. వెనక్కి నడుస్తూ, తల వంచుకునే అడిగాడు.

“ఏంటన్నా?”

అడిగేశాక తలెత్తాడు. ఖాళీ ట్రైలర్ అంచు మీద చెయ్యేసి నిలబడిపోయాడు. ఆయన మొహం నేను చూడలేక కాలవ వైపు తిరిగాను.

తర్వాత చుట్టూ తిరిగి వచ్చి ఎడమ చక్రం దగ్గర గొంతుక్కూర్చున్నాడు. చక్రం పట్టుకుని ఊపితే లటలటా ఊగింది. ఐదు నట్లూ వదులు. రెండు నట్లు బోల్టు చివరికి వచ్చేసి ఉన్నాయి. ఆ వంతెన ఎక్కుంటే చక్రం ఊడేది, ట్రైలర్ కాలవలోకి ఒరిగి జీపుని కూడా లాగేసేది.

ఈ రకం పాత మిలిటరీ బళ్ళకి ఎడమ చక్రం నట్లు ఉల్టా. మామూలు నట్లు బిగిసే వైపుకి తిప్పితే ఇవి వదులవుతాయి. గుర్తుకి బోల్టు నెత్తిన ఒక అక్షరం ఉంటుంది, దాని మీద మా ఆకుపచ్చ రంగు పడింది. రంగు పడకపోయినా నాకు తెలిసిన సంగతే అది, పెదనాన్న పదిసార్లు చెప్పాడు. ఆ పొద్దున నా బుర్రలో నా మార్కులు తప్ప ఇంకేమీ లేవు.

“నేనే నాన్నా, అటువైపు తిప్పేశాను,” అన్నాను. చెవి దగ్గరికి వంగలేదు. ఆయనకి వినపడి ఉండదు, మొహం చూసి అర్థం చేసుకున్నాడు.

“నేనూ మొదటిసారి అట్లాగే తిప్పాను,” అన్నాడు. “వారం రోజులు అన్న నన్ను ‘ఉల్టా మస్తానూ’ అనే పిలిచాడు. స్పానర్ తే.”

నా చేతే బిగించాడు, సరైన వైపుకి, ఒక్కొక్కటీ. తర్వాత వెళ్ళి సీట్లో కూర్చుని ఇంజను స్టార్ట్ చేశాడు. గేరు వేశాడు. కానీ బండి కదల్లేదు. నేను తన పక్కకి వచ్చి ఎక్కాలని చూస్తున్నాడనుకున్నాను. కాదు. రెండు చేతులూ స్టీరింగ్ మీద పెట్టి ముందుకే చూస్తున్నాడు.

రిజల్ట్సు రోజని వేసుకున్న కొత్త చుడీదార్‌తోనే ట్రైలర్‌లోకి ఎక్కాను. గొంతుక్కూర్చుని, రేకు మీద అరచేత్తో రెండుసార్లు చరిచాను.

బండి కదిలింది.

చెరువుల దాకా అలాగే వెళ్ళాను. రాజుగారు చుట్టూ తిరిగి చూసి, కాలితో టైరు తన్ని, నాన్న పక్కకొచ్చి పెద్ద గొంతుతో “మా బావమరిదికి కూడా ఒకటి కావాలయ్యా మస్తాన్, చేస్తావా?” అన్నారు. నాన్నకి వినపడలేదనుకుని నేను చెవి దగ్గరికి వంగాను. “విన్నాన్లే,” అన్నాడు నాన్న. “చేస్తానండీ. మా అమ్మాయి బి.ఎస్సీ. పాసైందండీ.” ఒకటో తారీకున నాన్న ఆ కోల్డ్ స్టోరేజీకి వెళ్ళలేదు.

ఆ తర్వాత నేను చాలా ఆలోచించాను. రాయి ఎగిరి తగిలిందేమో అనుకున్నాను. అప్పటికి రంగు వేసి రెండు రోజులే అయింది, గోరు గీసినా గీత పడుతుంది. రాజుగారికి అప్పగించేలోపే అంగుళం అంగుళం వెతికి చూశాను, ఎక్కడా మచ్చ లేదు. ఊగే చక్రమే చప్పుడు చేసిందేమో అనుకున్నాను. చక్రం చప్పుడు కిందనుంచి రావాలి, ఊగినంతసేపూ రావాలి. ఇది పైన అంచు దగ్గర, ఒక్కసారే. మా ఫిజిక్స్ సారుకి చెప్తే, నట్లు సరిగా బిగించలేదన్న భయం నీకు లోపల ఉండి ఉంటుంది, అదే చప్పుడై వినిపించింది అన్నారు. నాకు భయం లేదు. ఆ రోజు ఉన్నంత ధీమాగా నేను ఎప్పుడూ లేను. పోనీ నా సంగతి అలాగే అనుకున్నా, నాన్న సంగతో?

దయ్యాలున్నాయని నేను ఇప్పటికీ అనలేను. కానీ ఆ చప్పుడేమిటో కూడా చెప్పలేను.

నాన్నని ఒక్కసారే అడిగాను, షెడ్డులో టీ తాగుతూ, చెవి దగ్గర. ఆ రోజు ఆ చప్పుడు నీకు వినపడిందా అని.

“లేదమ్మా,” అన్నాడు.

“మరి వీపుకి తగిలిందా?”

ఆలోచించి తల అడ్డంగా ఊపాడు.

“మరెందుకు ఆపావు?”

ఇంత చదివీ ఇదేం ప్రశ్న అన్నట్టు చూశాడు.

“అన్న ఆపమన్నాడు. ఆపాను.”